కరెంటు పోతే ఫోన్ టార్చ్ మీద ఒక నీళ్ల సీసా పెట్టండి

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే మన వైజాగ్‌లో కరెంటు మీద పెద్దగా నమ్మకం ఉండదు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక రోజుల తరబడి చీకట్లో గడిపినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఇది.

ఫోన్ టార్చ్ ఒక్కచోటే పడుతుంది, కళ్లలో కొడుతుంది, గదిలో మిగతాదంతా చీకటే. ఫోన్‌ని మెత్తటి గుడ్డ మీద బోర్లా పెట్టి టార్చ్ వెలిగించి, దాని మీద నీళ్లు నింపిన అర లీటరు సీసా నిలబెట్టండి. లేబుల్ పీకేయండి, మూత గట్టిగా బిగించండి, అడుగు తడి లేకుండా తుడవండి. కెమెరా ఎత్తుగా ఉండి సీసా ఒరిగిపోతుంటే పక్కన రెండు పుస్తకాలు ఆనించండి.

అసలు కిటుకు పాలు. నీళ్లలో రెండు మూడు చుక్కలు వేస్తే చాలు, పాలలోని సన్నటి కొవ్వు కణాలు వెలుగుని అన్ని వైపులా చెదరగొడతాయి, సీసా మొత్తం లాంతరులా వెలుగుతుంది. నేను మొదటిసారి ఉత్సాహంగా చెంచాడు పోసేశాను, వెలుగు అడుగునే ఆగిపోయింది, ఇంట్లో అందరూ నవ్వారు.

నీళ్ల సీసాతో వెలుగు కొత్త సంగతేం కాదు. బ్రెజిల్‌లో అల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో రెండు లీటర్ల సీసాలో నీళ్లు, కాస్త బ్లీచ్ పోసి రేకుల కప్పులో బిగించాడు, పట్టపగలు చీకటిగా ఉండే ఇంట్లో ఎండే బల్బు అయింది. బ్లీచ్ పాచి పట్టకుండా. మన పాల సీసా మాత్రం పొద్దున్నే పారబోయండి, కంపు కొడుతుంది.