ఒంటిపూట బడుల కాలంలో మ్యూజియంకు: ఓరుగల్లు, ఉత్తర తెలంగాణ కుటుంబాల కోసం

మార్చి నడిమధ్యకు వచ్చేసరికి మన దగ్గర ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు పొద్దున ఎనిమిదింటికి బడికి వెళ్లి పన్నెండున్నరకు బయటపడతారు. ఏప్రిల్ చివరి వారానికి వేసవి సెలవులు కూడా వచ్చేస్తాయి. మోదుగు పూలు విచ్చుకునే ఫాల్గుణం నుంచి చైత్ర, వైశాఖాలు ముగిసేదాకా ఉండే ఈ కాలంలోనే మ్యూజియంలలోనూ చారిత్రక స్థలాల్లోనూ ప్రత్యేక కార్యక్రమాలు ఎక్కువగా జరుగుతాయి. అయితే ఇదే కాలంలో ఎండ మన ప్రయాణాన్ని శాసిస్తుంది కాబట్టి, ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునే ముందు ఏ పూట వెళ్లాలో తేల్చుకోవడం అవసరం. ఉదయం, సాయంత్రం రాతి కట్టడాలకు కేటాయించి, మధ్యాహ్నం కప్పు కింద గడపాలన్నది ఇన్నేళ్ల తిరుగుడులో నేను నేర్చుకున్న మొదటి నియమం. ఒకసారి మే నెల మిట్టమధ్యాహ్నం మా ఇంటి పిల్లలను కోటలోకి తీసుకెళ్లాను. చెప్పులు విప్పిన చోట బండలు కాలి, చిన్నది ఏడుపు అందుకుంది, అర్ధగంటలోనే వెనుదిరిగాం. ఆ పిల్లకు కోట అంటే చాలాకాలం ఆ కాలిన పాదాలే గుర్తుండిపోయాయి.

ముందుగా తేదీలు చూసుకోవాలి

ఈ కాలంలో రెండు తేదీలను క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. మొదటిది ఏప్రిల్ 18, ప్రపంచ వారసత్వ దినోత్సవం. 1983లో యునెస్కో ఆమోదం పొందినప్పటి నుంచి దీన్ని ప్రపంచమంతటా జరుపుకుంటున్నారు. ఆ రోజు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ తన ఆధీనంలోని కట్టడాల్లోకి సాధారణంగా ఉచిత ప్రవేశం కల్పిస్తుంది. వారసత్వ నడకలు, ఛాయాచిత్ర ప్రదర్శనలు, బడి పిల్లలకు చిత్రలేఖన పోటీలు వంటివి ఆ తేదీ చుట్టూ ఏర్పాటు చేస్తుంటారు. 2023లో అదే రోజున రామప్ప గుడి ఆవరణలో పెద్ద సంగీత, నృత్య ఉత్సవం జరిగింది. రెండవది మే 18, అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. 1977 నుంచి దీన్ని జరుపుతున్నారు, ఏటా ఒక అంశాన్ని ముందుగా ప్రకటిస్తారు. అప్పటికి బడులకు సెలవులు ఉంటాయి, హైదరాబాద్ నుంచి పిల్లలు అమ్మమ్మ, నానమ్మ ఇళ్లకు చేరి ఉంటారు, కాబట్టి ఇల్లంతా కలిసి వెళ్లడానికి వీలైన రోజు అదే.

ఏ ఊళ్లో ఏ కార్యక్రమం ఉందన్నది చాలాసార్లు రెండు మూడు రోజుల ముందుగానీ తెలియదు. అందుచేత ఏప్రిల్ రెండో వారం నుంచి దినపత్రికల జిల్లా పేజీలను రోజూ చూడండి. దానికంటే నమ్మకమైన పని, ఒకసారి మ్యూజియంకు స్వయంగా వెళ్లి అక్కడి సిబ్బందితో మాట్లాడి రావడం. 'పిల్లలను తీసుకొస్తాం, ఆ రోజు వస్తువుల గురించి చెప్పేవారు ఎవరైనా ఉంటారా?' అని ముందే అడిగితే, అడిగినందుకే సంతోషించి దగ్గరుండి చూపించే ఉద్యోగులు మన జిల్లా మ్యూజియంలలో ఉన్నారు. వారికి సందర్శకులు తక్కువ, శ్రద్ధగా వినే సందర్శకులు ఇంకా తక్కువ.

సెలవు దినం సంగతి మరవకండి. మన దగ్గర పురావస్తు మ్యూజియంలకు వారపు సెలవు సాధారణంగా శుక్రవారం ఉంటుంది. ఆదివారం మూసి ఉంటుందనుకుని శుక్రవారం బయల్దేరేవారిని నేను చాలామందిని చూశాను. ఉగాది, శ్రీరామనవమి వంటి ప్రభుత్వ సెలవు రోజుల్లో కూడా తలుపులు తెరుస్తారో లేదో కనుక్కున్నాకే బయల్దేరాలి.

ఓరుగల్లు కోట: కప్పులేని మ్యూజియం

వరంగల్ వాసులకు మొదటి మ్యూజియం కోటే. గణపతిదేవుని కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో బలపడిన ఈ కోట మధ్యలో, నాలుగు కీర్తి తోరణాల నడుమ, ఒకప్పుడు స్వయంభూ దేవుని గుడి ఉండేది. 1323లో కాకతీయ రాజ్యం కూలిన తరువాత ఆ గుడి నిలవలేదు. దాని స్తంభాలు, దూలాలు, చెక్కిన పలకలు ఈనాడు ఆ ఆవరణ అంతటా నేలమీదే పరచి ఉన్నాయి. పిల్లలకు ఇది చాలా మంచి చోటని నేనంటాను, ఎందుకంటే గుడి నిలిచి ఉన్నప్పుడు తలెత్తి చూడవలసిన శిల్పం ఇక్కడ వారి కళ్ల ఎత్తులో ఉంటుంది. రెండు స్తంభాల మధ్య దూలం ఎలా కూర్చునేదో, సున్నం లేకుండా రాతిని రాతితో ఎలా బిగించేవారో, విడిపోయిన ముక్కల్లోని గాడులను, పొడుచుకొచ్చిన కొనలను చూసి వారే పోల్చుకోగలుగుతారు.

పొద్దున తలుపులు తెరవగానే చేరుకోండి. తోరణం దగ్గర ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క పని ఇవ్వండి. ఒకరు హంసలను వెతకాలి, ఇంకొకరు నాలుగు తోరణాలూ ఒకేలా ఉన్నాయా అని పోల్చాలి, పెద్దవారెవరైనా తెలంగాణ రాజముద్రలో ఇదే తోరణం ఉందని ఒక నోటీసు కాగితం మీద చూపించాలి. తొమ్మిదిన్నర దాటి ఎండ ముదిరేసరికి దగ్గరలోనే ఉన్న ఖుష్ మహల్‌లోకి వెళ్లండి. ఒకప్పుడు ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ పేరుతో ముడిపడిన ఈ మందిరానికి వాలుగా లేచిన మందపాటి గోడలు, ఎత్తయిన కమానులు ఉన్నాయి. కోట పరిసరాల్లో దొరికిన విగ్రహాలను లోపల ఉంచారు. బయటికీ లోపలికీ ఉన్న చల్లదనపు తేడా చర్మానికి తెలిసినప్పుడు, 'ఫ్యాను లేకుండా ఈ హాలు ఎలా చల్లగా ఉంది?' అన్న ప్రశ్న పిల్లల నుంచే వస్తుంది. గోడ మందాన్ని వారి చేతులతో కొలవమనండి, జవాబు దొరుకుతుంది.

కోట ప్రవేశానికి టికెట్ ఉంటుంది, పదిహేనేళ్లలోపు పిల్లలకు అవసరం లేదు. సాయంత్రం పూట ధ్వని, కాంతి ప్రదర్శన ఉంటుంది. ఆ రోజు వేస్తున్నారో లేదో టికెట్ ఇచ్చేచోట అడిగి తెలుసుకోండి. ఎండలో రెండుసార్లు తిరగలేని ముసలివారు ఇంట్లో ఉంటే వారిని ఆ ప్రదర్శనకే తీసుకురావడం మేలు.

వెళ్లేదారిలోనో వచ్చేదారిలోనో హన్మకొండ వేయిస్తంభాల గుడిని కలుపుకోండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఈ త్రికూటాలయంలో శివ, విష్ణు, సూర్యులకు వేర్వేరు గర్భగుడులు ఉన్నాయి. దీని ముందున్న కల్యాణ మండపాన్ని శిథిలావస్థలో విప్పి, ఒక్కొక్క రాయికీ అంకె వేసి, మళ్లీ నిలబెట్టడానికి సుమారు రెండు దశాబ్దాలు పట్టింది. 2024 మార్చిలో అది తిరిగి తెరుచుకుంది. పాత రాయికీ కొత్తగా చెక్కి పెట్టిన రాయికీ రంగులోనూ నునుపులోనూ తేడా తెలుస్తుంది. రెంటినీ వేరు చేయమంటే పదేళ్ల పిల్లలు చకచకా చూపిస్తారు.

రామప్పకు ఒక రోజంతా ఇవ్వండి

వరంగల్ నుంచి సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, ములుగు జిల్లా పాలంపేటలో ఉన్న రామప్ప గుడిని ఇంకే స్థలంతోనూ కలిపి ఒకే రోజు చూడవద్దన్నది నా గట్టి అభిప్రాయం. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో మొదలుపెట్టించిన గుడి ఇది. 2021 జూలై 25న ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిల్పి పేరుతో పిలవబడే గుడి కావడం దీని ప్రత్యేకత.

ఇక్కడికి వెళ్లేముందు ఇంట్లోనే రెండు చిన్న ప్రయోగాలు చేయించండి. బకెట్ నీళ్లలో మామూలు ఇటుక ముక్క వేసి చూడమనండి. అది మునిగిన తరువాత, రామప్ప గోపురానికి వాడిన ఇటుకలు నీళ్లమీద తేలేంత తేలికైనవని చెప్పండి. గోపురం బరువు తగ్గితే కింది స్తంభాల మీద భారం తగ్గుతుందన్న సంగతి అప్పుడు వారికి ఇట్టే అర్థమవుతుంది. రెండవది, ఒక పళ్లెంలో ఇసుక పోసి దానిమీద అగ్గిపెట్టెలు నిలబెట్టి బల్లను మెల్లగా ఊపడం. ఆ తరువాత అదే అగ్గిపెట్టెలను వట్టి బల్లమీద నిలబెట్టి ఊపాలి. గుడి పునాదిలో గుంత తవ్వి ఇసుక నింపారని, నేల కదిలితే ఆ అదురును ఇసుక కొంత మింగేస్తుందని చెప్పడానికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు. ఈ రెండూ చేసి వచ్చిన పిల్లలు గుడి దగ్గర 'ఇటుకలు ఏవి? ఇసుక ఎక్కడుంది?' అని అడుగుతూ తిరుగుతారు. చేయకుండా వచ్చినవారు పావుగంటలో ఐస్‌క్రీం అడుగుతారు.

గుడి బయట పైకప్పు అంచుల కింద నిలిచిన నల్లరాతి మదనికలను, అంటే అందమైన స్త్రీల శిల్పాలను, తీరికగా చూడండి. వారిలో ఒకామె ఎత్తు మడమల పాదరక్షలు వేసుకుని ఉంటుంది, ఆమెను ఎవరు ముందు కనిపెడతారో చూడవచ్చు. లోపల స్తంభాల మీద, దూలాల మీద ఉన్న నాట్య భంగిమలే కాకతీయుల కాలపు నాట్యమైన పేరిణి శివతాండవాన్ని పునరుద్ధరించడానికి నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణకు ఆధారమయ్యాయి. నాట్యం నేర్చుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఒక భంగిమను ఎంచుకుని నోటుపుస్తకంలో గీసుకోమనండి. వేణువూదే కృష్ణుని శిల్పాన్ని తడితే స్వరాలు పలుకుతాయని అక్కడ కొందరు చూపిస్తారు. దయచేసి మీరు తట్టకండి, పిల్లలను తట్టనీయకండి. రోజూ వందల వేళ్లు తగిలితే ఎనిమిది వందల ఏళ్ల చెక్కడమైనా అరిగిపోతుంది.

రాయి ఉదయం తొమ్మిది దాకా ఓర్చుకోదగినట్టు ఉంటుంది, తరువాత మేజోళ్లు లేకుండా నడవలేరు. మధ్యాహ్నం చెరువు గట్టున చెట్టు నీడకు చేరి సద్ది విప్పుకోండి. మజ్జిగ, నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకుంటే మంచిది.

కరీంనగర్, కొలనుపాక, అడవి దారి

మిట్టమధ్యాహ్నానికి తగినది కరీంనగర్ జిల్లా పురావస్తు మ్యూజియం. కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబొంకూరు తవ్వకాల్లో బయటపడిన శాతవాహన కాలపు ఆనవాళ్లను అర్థం చేసుకోవడానికి ఇది సరైన చోటు. పెద్దబొంకూరులో ఇరవై వేలకు పైగా నాణేలు దొరికాయి, ఇటుకలతో కట్టిన బావులు, మట్టి వరలతో దించిన బావులు కూడా బయటపడ్డాయి. ఊళ్లో సిమెంటు వరల బావిని చూసిన పిల్లలకు, రెండు వేల ఏళ్ల కిందట కూడా మన మానేరు, గోదావరి తీరాల్లో అదే పద్ధతి ఉండేదని చెబితే చరిత్ర వారి ఇంటి వెనుకకు వచ్చి నిలుస్తుంది. శాతవాహన నాణేల మీద చాలావాటికి ఒకవైపు ఏనుగు, మరొకవైపు నాలుగు వృత్తాలను కలిపిన ఉజ్జయిని గుర్తు ఉంటాయి. ఇంటికి వచ్చాక ఈనాటి పది రూపాయల బిళ్ల మీద పలుచని కాగితం పరచి పెన్సిలుతో రుద్దించండి. శాసనాలకు అచ్చు తీసేవారు కూడా ఇంచుమించు ఇదే చేస్తారు: తడిపిన కాగితాన్ని రాతిమీద పరచి, కుంచెతో కొట్టి అక్షరాల లోతుల్లోకి దించి, పైన సిరా అద్దుతారు. అచ్చు తీసే ప్రదర్శన ఎక్కడైనా ఏర్పాటు చేశారని తెలిస్తే దాన్ని మాత్రం వదులుకోకండి. కట్టడాల మీద మనంతట మనం రుద్దడం మాత్రం తప్పు.

హైదరాబాద్ దారిలో వెళ్లేవారు ఆలేరు దగ్గర దిగి కొలనుపాక సోమేశ్వరాలయ ఆవరణలోని మ్యూజియంలో శిల్పాలు, శాసనాలు చూడవచ్చు. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే పనివారు కూడా అదే దారిలో ఉన్నారు. నిజామాబాద్ వాసులకు తిలక్ గార్డెన్‌లోని మ్యూజియం ఉంది.

అడవి వైపు వెళ్లదలచినవారికి రెండు గిరిజన మ్యూజియంలు ఉన్నాయి. మేడారంలోనిది కోయల జీవితాన్ని చూపుతుంది. సమ్మక్క, సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరుగుతుంది కాబట్టి, చైత్రంలో వెళితే జనం ఒత్తిడి లేకుండా నిదానంగా చూడవచ్చు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జోడేఘాట్‌లోనిది, 1940లో భీం, ఆయన అనుచరులు ప్రాణాలిచ్చిన చోటనే ఉంది. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ దారిలో వెళితే, తెల్లవారుజామునే చెట్ల కింద బుట్టలతో పూలు ఏరుకునే ఇళ్లవారు కనిపిస్తారు. మ్యూజియంలో చూసిన బుట్ట అప్పుడు పిల్లలకు గాజు వెనుక వస్తువులా కాక పనిముట్టులా తెలుస్తుంది. అక్కడి మనుషుల ఫోటోలు అడగకుండా తీయవద్దని పిల్లలకు బయల్దేరే ముందే చెప్పండి.

ఖర్చు గురించి ఒక మాట. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అమ్మ, అత్తమ్మ, ఆడపిల్లలు కలిసి వెళితే కరీంనగర్ ప్రయాణానికి దారి ఖర్చు దాదాపు ఉండదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు మాత్రం వెంట పెట్టుకోవాలి.

ఒక రోజుకు ఒక్క చోటు, ఒక్కొక్క పిల్లకు మనసుపడి గుర్తుపెట్టుకునే ఒక్క వస్తువు చాలు. తిరుగు ప్రయాణంలో బస్సు కదిలాక 'నీకు ఏది నచ్చింది?' అని అడగకుండా, 'నువ్వు చూసిన దాన్ని నానమ్మకు ఎలా చెబుతావు?' అని అడగండి. ఇంటికి చేరగానే ఆ చెప్పడం నానమ్మ దగ్గరే మొదలుకావాలి, ఆ పూట టీవీ పెట్టకండి.