జాజ్ గాయనుల పాటను వినడం ఎలా

జాజ్ గాయనులను కొత్తగా వినేవారు బిల్లీ హాలిడేతో (1915–1959) ప్రారంభించడం మేలు. 1937లో లెస్టర్ యంగ్ శాక్సఫోన్ సహకారంతో ఆమె పాడిన రికార్డు ఒకటి ఎంచుకొని, మొదట మాటలను పట్టించుకోకుండా చేత్తో తాళం వేస్తూ వినండి. పదం సరిగ్గా దెబ్బ మీద పడక, లయ చెడకుండానే కాస్త ఆలస్యంగా వచ్చి చేరడం మీ చేతికే తెలుస్తుంది. రెండోసారి శాక్సఫోన్‌ను మాత్రమే అనుసరించండి. గాయని విడిచిన ఖాళీలలో అది బదులు పలుకుతుంది. ఆమె గొంతు పలికే స్థాయి విస్తారమైనది కాదు. అయినా ఇన్ని తక్కువ స్వరాలతో ఇంత బాధను, ఇంత చనువును పలికించిన గొంతును నేను మరెక్కడా వినలేదు.

ఆ తరువాత ఎల్లా ఫిట్జెరాల్డ్ 1960 నాటి బెర్లిన్ కచేరీని వినండి. ఒక పాట మధ్యలో మాటలు మరచిపోయిన ఆమె, తడబడకుండా అప్పటికప్పుడు కొత్త మాటలు అల్లి పాడారు. అర్థం లేని అక్షరాలతో వాద్యంలా పాడే ‘స్కాట్’ పద్ధతి కల్పనస్వరాలు విన్న చెవికి త్వరగానే పట్టుబడుతుంది, కాకపోతే ఇక్కడి అక్షరాలు స్వరాల పేర్లు కావు.

సారా వాన్ మంద్రస్థాయిని విన్నాక నేటి తరానికి రండి: సెసిల్ మెక్‌లోరిన్ సాల్వంట్, 2023లో ఉత్తమ నూతన కళాకారిణిగా గ్రామీ అందుకున్న సమారా జాయ్. వీరిని ఇయర్‌ఫోన్లలో, తక్కువ ధ్వనితో వినండి.