మూడు పక్షాల నౌకాయుద్ధాన్ని అధ్యయనం చేయడం ఎలా: రెస్టిగూష్, 1760

కెనడా తూర్పు తీరంలో బ్రిటిష్, ఫ్రెంచివారికీ, అక్కడి ఆదివాసులైన మిక్మాక్ ప్రజలకూ మధ్య నూరేళ్లకు పైగా సాగిన పోరాటాలను అర్థం చేసుకోదలచినవారు ముందుగా ఒక్క యుద్ధాన్ని లోతుగా చదవడం మంచిది. అందుకు 1760 నాటి రెస్టిగూష్ యుద్ధం ఎంతో అనుకూలం.

మొదట పటం తీసి, నేటి క్యూబెక్, న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రాల నడుమ చాలూర్ అఖాతంలో కలిసే రెస్టిగూష్ నదీముఖాన్ని గుర్తించండి. అక్కడి నీటి లోతును గమనించకపోతే యుద్ధగమనం బోధపడదు. ఫ్రాన్సులోని బోర్డో నుంచి కెనడాలోని ఫ్రెంచి వలసకు సాయంగా బయలుదేరిన ఓడల్లో మిగిలిన మూడు, సెయింట్ లారెన్స్ నదిలోకి బ్రిటిష్ నౌకలు ముందే ప్రవేశించాయని తెలిసి ఇక్కడికి చేరాయి. వాటిని తరుముతూ వచ్చిన బ్రిటిష్ నౌకాధికారి జాన్ బైరన్ నౌకలు బలంలో ఎంతో మిన్న అయినా, మేటల మధ్య పెద్ద ఓడలకు దారి వెతుక్కోవలసి వచ్చింది. ఆ వ్యవధిలో ఫ్రెంచివారు ఒడ్డున ఫిరంగులు నిలిపి, చిన్న ఓడలను దారికి అడ్డంగా ముంచారు. జూలై 8న మషో అనే ఫ్రెంచి యుద్ధనౌకను దాని నావికులే తగలబెట్టారు.

తేదీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. బ్రిటన్ 1752 వరకు పాత క్యాలెండర్‌నే పాటించింది కనుక, అంతకుముందు ఘట్టాల్లో ఇంగ్లిష్ తేదీ ఫ్రెంచి తేదీకి 17వ శతాబ్దంలో 10 రోజులు, ఆ తరువాత 11 రోజులు వెనుక ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ మిక్మాక్ ప్రజలపై పెట్టాలి. వారిని ఫ్రెంచివారి తోడుగా పేర్కొని ఒక్క వాక్యంతో దాటవేయడం అన్యాయం. ఆ తీరం వారిది. ఫ్రాన్సు ఆ తీరంలోని తన వలస అకాడియాను బ్రిటన్‌కు అప్పగించిన 1713 యుట్రెక్ట్ సంధిలో వారికి భాగం లేదు. 1722లో న్యూ ఇంగ్లండ్ చేపల పడవలను పట్టుకున్నా, 1749లో బ్రిటిష్‌వారి హాలిఫాక్స్ పట్టణ స్థాపనను ఎదిరించినా, వారు కాపాడుకోజూసింది ఆ తీరాన్నే. రెస్టిగూష్ కూడా భాగమైన బ్రిటన్, ఫ్రాన్సుల సప్తవర్ష యుద్ధకాలంలోనే 1758లో చందుర్తి దగ్గర విజయనగరం ఆనంద గజపతి బ్రిటిష్‌వారితో చేరడానికి తన కారణాలు తనకున్నట్లే, మిక్మాక్‌లకూ ఉన్నాయి. అందుచేత ప్రతి ఘటన దగ్గరా ముగ్గురికీ ఏమి కావాలో విడివిడిగా రాసుకోండి.

ఓడలు కాలిపోవడంతో చదువు ఆపకండి. 1760–61లో మిక్మాక్‌లు బ్రిటిష్‌వారితో చేసుకున్న ఒప్పందాలను, వాటి ఆధారంగా వారి చేపల వేట హక్కును గుర్తిస్తూ 1999లో కెనడా సుప్రీంకోర్టు మార్షల్ కేసులో ఇచ్చిన తీర్పును పక్కపక్కన పెట్టుకుని చదవండి.