మన పురుగుతో పోకెమాన్ లాంటి గేమ్ జీవిని తయారుచేయడం ఎలా

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఏడుగురిని కూర్చోబెట్టి, నెల రోజులు కష్టపడి గీసిన గండభేరుండం చూపించాను. రెండు తలలు, ఈకఈకకీ నగిషీ. మూడో క్లాసు పిల్లాడొకడు వంగి చూసి, "అంకుల్, ఇది గవర్నమెంట్ స్టాంపు కదా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. కర్ణాటక రాజముద్రలో ఉన్నది ఆ పక్షే.

జీవుల్ని పట్టి, పెంచి, పోటీకి దింపే గేమ్ చేద్దామని ఈ ఊరొచ్చిన మనవాళ్ళు చాలామంది మొదట ఇదే చేస్తారు. శరభం, యాళి, మకరం అంటూ గుడి స్తంభాల మీది వింత జంతువుల్ని వరసపెట్టి గీసేస్తారు. మాది లేపాక్షి దగ్గర పల్లె, గుడి స్తంభాల మీద గౌరవం లేక చెప్పడం లేదు. కానీ స్తంభాన్ని జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళాలని ఏ పిల్లాడికీ అనిపించదు.

అందుకని ముందు, చిన్నప్పుడు మీరు నిజంగా చేత్తో పట్టుకున్న జీవి ఏదో గుర్తు తెచ్చుకోండి. జీవుల్ని పట్టి పెంచే జపాన్ గేమ్ పోకెమాన్ పుట్టిందీ అలాగే. దాన్ని తయారుచేసిన సతోషి తాజిరి టోక్యో శివారులో పురుగులు పట్టుకుంటూ పెరిగాడు. చేత్తో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ మెషిన్లు రెంటిని కలిపే కేబుల్‌ని చూస్తే, దాని మీద పురుగు ఇటునుంచి అటు పాకుతున్నట్టు ఆయనకి తోచిందట. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి గేమ్‌ని రెడ్, గ్రీన్ అని రెండు రకాలుగా అమ్మారు. ఒకదాంట్లో దొరికే జీవులు కొన్ని రెండోదాంట్లో దొరకవు. అన్నీ కావాలంటే పక్కింటి పిల్లాడితో మార్చుకోవాల్సిందే. బడిలో గోలీలు మార్చుకున్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

నాకు గుర్తొచ్చింది ఆరుద్ర పురుగు. తొలకరికి ఎర్రమట్టి తడవగానే, ఎవరో ఎర్ర మఖ్మల్ గుడ్డని ముక్కలుగా కత్తిరించి చేలో చల్లినట్టు బయటికొచ్చేవి. అరచేతిలో పెట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని బొట్టుబిళ్ళలా పడుండేది. కదలకుండా ఓపిగ్గా చూస్తే, కాసేపటికి ఒక్కో కాలూ చాపి మళ్ళీ నడక మొదలుపెట్టేది. అగ్గిపెట్టెలో ఆకు ముక్క వేసి దాచేవాళ్ళం. అందులో అదెన్నాళ్ళు బతికిందో మాత్రం అడక్కండి.

ఇప్పుడు బొమ్మ గీయకండి. ఆ జీవి అలవాట్లు కాగితం మీద రాసుకుని, ఒక్కోదాన్నీ ఆట నియమంగా మార్చండి. వానకే బయటికొస్తుంది కాబట్టి, మా గేమ్‌లో వాన పడిన కాసేపే కనిపిస్తుంది. ముట్టుకుంటే ముడుచుకుంటుంది కాబట్టి, దాన్ని కొట్టి పట్టడం కుదరదు. బటన్ మీంచి వేలు తీసి ఆగాలి. ఆత్రపడి నొక్కితే మట్టిలోకి పోతుంది. పిల్లలు మొదటి పది నిమిషాలు చిరాకుపడ్డారు. తర్వాత ఒకళ్ళనొకళ్ళు "ష్, నొక్కకురా" అని ఆపుకోవడం మొదలైంది. నా గండభేరుండానికి అంత మర్యాద దక్కలేదు.

ఏ జీవి ఎప్పుడు దొరకాలో తేల్చడానికి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. పోకెమాన్ వాళ్ళు 1999లో గోల్డ్, సిల్వర్ అనే తర్వాతి రకాలతో గేమ్‌లోకి గడియారం తెచ్చారు, పగలొకటి దొరికితే రాత్రి ఇంకొకటి. మనకి కార్తెలున్నాయి. ఏడాదికి 27, ఒక్కోటి 13, 14 రోజులు. రోహిణిలో రోళ్ళు పగిలే ఎండ, మృగశిరలో చేపలు, ఆరుద్రలో మన పురుగు. కోడ్ రాసే కుర్రాడు కార్తె అంటే ఏంటని అడిగాడు. వాళ్ళ నాన్నకి ఫోన్ చేయమన్నాను.

ఇక మన సంగతులు తెలియని ఆటగాడు. ఇక్కడే నాకు ఎక్కువ టెన్షన్. పోకెమాన్‌లో మాజికార్ప్ అనే పనికిరాని చేప ఉంది, మొదట్లో నీళ్ళు చిందించడం తప్ప ఏమీ రాదు. ఓపిగ్గా పెంచితే గైరడోస్ అనే భీకర సర్పమవుతుంది. జలపాతం ఎక్కిన చేప డ్రాగన్ అవుతుందని చైనాలో ఒక కథ ఉంది, దాని మూలం అదే. ఆ కథ తెలియకుండానే పదేళ్ళ వయసులో నేను ఆ చేపని పెంచాను. తెలిశాక ఇంకా నచ్చింది. మీ జీవి కూడా అలా ఉండాలి. కథ చెబితేనే అర్థమయ్యేదైతే పక్కన పెట్టేయండి.

పేరు దగ్గర సంస్కృతం జోలికి పోవద్దు. ఇంగ్లీషులో చార్మాండర్ అనే పోకెమాన్ జీవిని జపనీస్‌లో హితోకగే అంటారు. హి అంటే నిప్పు, తోకగే అంటే బల్లి. అక్కడి పిల్లాడికి వినగానే తెలిసిపోతుంది. నేను మొదట 'ఆరుద్రిక' అని పెట్టాను, ఒక్కడికీ నోరు తిరగలేదు. ఇప్పుడు 'వానెర్ర'. కారిడార్ ఆ చివర్నుంచి అరిచినా వినపడుతుంది, నేను పెట్టుకున్న పరీక్ష అదొక్కటే.

దేవుళ్ళని మాత్రం పట్టే జీవులుగా పెట్టకండి. షిన్ మెగామి టెన్సెయి అనే జపాన్ గేమ్‌లలో శివుణ్ణి, విష్ణువునీ కూడా జట్టులో చేర్చుకోవచ్చు. అక్కడ చెల్లింది. మన ఇళ్ళలో టీవీకి నాలుగడుగుల దూరంలో పూజగది ఉంటుంది.

అంతా అయ్యాక, ఆ జీవిని పట్టి ఎరిగిన మనిషికొకసారి చూపించండి. నేను వానెర్ర బొమ్మ అమ్మకి వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోన్: "ఆరు కాళ్ళేంది రా? చీమకి ఎర్ర రంగేసినావా?" నిజమే, ఆరుద్ర పురుగుకి ఎనిమిది కాళ్ళు, సాలీడు బంధువు అది. సరిచేద్దామని చదివితే తెలిసింది, గుడ్డులోంచి వచ్చిన పిల్లకి ఆరే కాళ్ళట. మిడతల్లాంటి పురుగుల ఒంటికి అంటుకుని వాటి రసం పీలుస్తూ పెరుగుతుందట. ఆ బొమ్మ పారేయలేదు. పక్కన ఒక మిడతని గీసి, దాని వీపు మీద ఎక్కించాను. వానెర్ర మొదటి రూపం ఇప్పుడు అదే.