మార్గెరీటా విడిదిలో ఒక రాత్రి గడపాలంటే

ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దున ఉన్న మోంటే రోజా పర్వతాల్లో, 4,554 మీటర్ల సిగ్నల్‌కుప్పె శిఖరం మీద నిలిచిన రెజీనా మార్గెరీటా విడిది ఐరోపాలోకెల్లా అత్యంత ఎత్తున ఉన్న కట్టడం. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో 60 శాతం కూడా ఉండదు కాబట్టి, పడక దొరుకుతుందా అని విచారించే ముందు ఒంటిని ఆ ఎత్తుకు ఎలా అలవాటు చేసుకోవాలో చూసుకోవాలి.

విడిది చరిత్ర కూడా ఈ సంగతే చెబుతుంది. కొయ్యతో సిద్ధం చేసిన తొలి కట్టడం ముక్కలను కంచరగాడిదల మీదా, ఆపైన మనుషుల వీపుల మీదా శిఖరానికి చేర్చారు. 1893 ఆగస్టులో ఇటలీ రాణి మార్గెరీటా స్వయంగా ఎక్కివచ్చి అక్కడే బస చేసింది. మరుసటి ఏడాదే టూరిన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆంజెలో మొస్సో, పలుచని గాలి మనిషి ఊపిరిని, నిద్రను ఏం చేస్తుందో అక్కడ పరీక్షించాడు. ఎత్తుల్లో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ప్రాణాంతక స్థితిని గురించి వైద్యులు ఎంతో నేర్చుకున్నది ఈ గదుల్లోనే. ఇంతటి చోటును వట్టి బసగా మాత్రమే చూడడం నాకు అన్యాయమనిపిస్తుంది.

అందుచేత లోయ నుంచి ఒక్కరోజులో పైకి వెళ్లకండి. కేబుల్ కార్‌లో 3,275 మీటర్ల పుంటా ఇంద్రెన్ చేరి, 3,647 మీటర్ల నిఫెత్తి విడిదిలో కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు పడుకోండి. అక్కడి నుంచి తెల్లవారకముందే బయలుదేరితే, లిస్ హిమానీనదం మీదుగా నాలుగైదు గంటల నడక. మంచు కప్పేసిన పగుళ్లు పైకి కనిపించవు కనుక తాడు, నడుముపట్టీ, క్రాంపాన్లు (బూట్ల కింద బిగించే ఇనుప ముళ్లు), మంచుగొడ్డలి తప్పనిసరి. వాటి వాడకం తెలియనివారు గైడ్ లేకుండా అడుగు వేయకూడదు.

ఇప్పుడున్న కట్టడం 1980లో పూర్తయింది. కొయ్య గోడల చుట్టూ బిగించిన రాగిరేకులు పిడుగుపాటును లోపలికి రానివ్వకుండా నేలకు మళ్లిస్తాయి. సుమారు 70 పడకలు, వేడి భోజనం, చిన్న గ్రంథాలయం ఉన్నాయి. నీళ్లు మంచు కరిగించినవే. అవి దాదాపు 85 డిగ్రీలకే మరుగుతాయి. స్నానం మాట మరచిపోండి. వేసవి నెలల్లోనే నిర్వాహకులు ఉంటారు కాబట్టి ముందుగా పడక నమోదు చేసుకోండి, పరుపు మీద వాడే పలుచని నిద్రసంచి వెంట తీసుకెళ్లండి.

రాత్రి కొద్దిపాటి తలనొప్పి, నిద్రపట్టకపోవడం చాలామందికి మామూలే. వాంతులు, తూలిపోవడం, కూర్చున్నా ఆగని ఆయాసం కనిపిస్తే మాత్రం తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే నిర్వాహకులను లేపి, కిందికి దిగే ఏర్పాటు చేయమనండి.