లైబ్రరీ బిల్డింగ్ వేలానికి వచ్చిందా? ఫైలు చూడటానికి దరఖాస్తు ఇలా పెట్టండి

బస్తీలో శాఖా గ్రంథాలయం మూతపడిన రోజు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పుస్తకాలు ట్రాలీ ఆటోలో వెళ్లిపోతాయి, గేటుకు తాళం పడుతుంది, పొద్దున పేపర్ చదివే పెద్దలు పక్కనున్న ఇరానీ హోటల్‌కు మారిపోతారు. కొన్నేళ్లకు అదే గేటు మీద వేలం నోటీసు కనిపిస్తే అప్పుడు మొదలవుతుంది హడావిడి. ఇది ఎవరి ఆస్తి, అమ్మమన్నది ఎవరు, ధర ఎవరు కట్టారు?

ఈ ప్రశ్నలకు జవాబులు ఉండేది ఒక ఫైల్లో. ఆ ఫైలు చూసే హక్కు 2005 నాటి సమాచార హక్కు చట్టం మనకిచ్చింది. దరఖాస్తు రుసుము పది రూపాయలు. ఆఫీసు బయట చెట్టు కింద కూర్చుని 'ఫైలు కాపీ తెప్పిస్తా, మూడు వేలు ఇవ్వండి' అనే మనిషి కూడా చేసేది ఇదే పది రూపాయల దరఖాస్తు. కాపీలకు పేజీకి రెండు రూపాయలు. 120 పేజీల ఫైలైనా 240 రూపాయలు దాటదు. మూడు వేలు ఇవ్వబోయే ముందు ఈ లెక్క ఒక్కసారి గుర్తు చేసుకోండి.

సులువైన సంగతులు ముందు చెప్పేస్తాను. తెల్ల కాగితం చాలు, తెలుగులో రాయొచ్చు. పైన 'పౌర సమాచార అధికారి' అని, కింద ఆ కార్యాలయం పేరు. మీ పేరు, చిరునామా, సంతకం. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. చట్టం సెక్షన్ 6(2) ప్రకారం వాళ్లు అడగనూ కూడదు. రుసుము నగదుగా కడితే రసీదు తీసుకోండి. పోస్టల్ ఆర్డరైతే ఎవరి పేరున ఉండాలో ముందే కనుక్కుని రాయండి, ఆ గడి ఖాళీగా వదిలి పంపకండి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు, కార్డు జిరాక్స్ జత చేస్తే సరి. చేత్తో ఇస్తే రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. 'లోపల పెడతాం, మీరు వెళ్లండి' అంటే వెళ్లకండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి.

ఇక ఎవరికి రాయాలి? హైదరాబాద్‌లో శాఖా గ్రంథాలయాన్ని నడిపేది నగర గ్రంథాలయ సంస్థ. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఏర్పడిన విడి సంస్థ అది. చిక్కడపల్లిలో గ్రూప్స్ అభ్యర్థులతో కిటకిటలాడే నగర కేంద్ర గ్రంథాలయం దానిదే. మన ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. దాన్ని వసూలు చేసేది మాత్రం జీహెచ్‌ఎంసీ. అలాగే గ్రంథాలయం ఒకరిది, కింది స్థలం ఇంకొకరిది కావచ్చు. భవనం జీహెచ్‌ఎంసీది కావచ్చు, గ్రంథాలయ సంస్థ సొంతం కావచ్చు, ఎప్పుడో ఒక దాత రాసిచ్చిన స్థలం కావచ్చు, ఉత్త అద్దె ఇల్లే కావచ్చు. బోర్డు చూసి యజమానిని తేల్చలేం. కాబట్టి వేలం నోటీసు కింద ఎవరి సంతకం ఉందో ఆ కార్యాలయానికి ఒకటి, గ్రంథాలయ సంస్థకు ఒకటి, రెండు దరఖాస్తులు పెట్టండి. ఖర్చు ఇరవై రూపాయలు. ఒకవేళ తప్పు చోట ఇచ్చినా సెక్షన్ 6(3) ప్రకారం అయిదు రోజుల్లో సరైన కార్యాలయానికి వాళ్లే బదిలీ చేసి, ఆ సంగతి మీకు తెలపాలి. 'ఇది మా పరిధిలోకి రాదు' అని కాగితం తిప్పి పంపడం కుదరదు.

ఇంతవరకు అందరూ బాగానే వస్తారు. బోల్తా పడేది అడిగే వాక్యం దగ్గర.

మాకు తెలిసిన ఒక రిటైర్డ్ టీచర్‌గారు రెండు పేజీల దరఖాస్తు రాసుకొచ్చారు. చేతిరాత ముత్యాల్లా ఉంది. ఆ లైబ్రరీలో తను చదువుకున్న రోజులు, తన విద్యార్థులు అక్కడే చదివి ఉద్యోగాలు తెచ్చుకున్న సంగతి, చివర్లో మూడు ప్రశ్నలు: 'ఎందుకు అమ్ముతున్నారు? ప్రజల అభిప్రాయం ఎందుకు తీసుకోలేదు? ఇది న్యాయమేనా?' ఇరవై ఎనిమిదో రోజున జవాబు వచ్చింది. మీరు అడిగినవి 'సమాచారం' నిర్వచనంలోకి రావు. అంతే, ఒక్క లైను. సార్ ఆ కాగితాన్ని చాలాసేపు మడిచి విప్పి మడిచారు.

బాధ కలిగించినా ఆ జవాబు చట్టపరంగా తప్పు కాదు. చట్టం కింద మనకు దక్కేది రికార్డులో ఉన్న కాగితం. అధికారి మన కోసం కొత్తగా వివరణ రాయనక్కర్లేదు, అభిప్రాయం చెప్పనక్కర్లేదు. 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగానే చెప్పింది. కాబట్టి 'ఎందుకు' అని రాసిన ప్రతిచోటా దాన్ని కొట్టేసి, ఆ 'ఎందుకు'కు జవాబు ఏ కాగితంలో ఉంటుందో ఆ కాగితం పేరు రాయాలి. సార్ దరఖాస్తును అలాగే తిరగరాశాం. దాదాపు ఇలా వచ్చింది:

'ఫలానా బస్తీలో, ఫలానా మున్సిపల్ నంబరు గల పాత శాఖా గ్రంథాలయ భవనం, స్థలానికి సంబంధించి కింది ప్రతులు ఇవ్వగలరు. ఈ ఆస్తి నమోదైన ఆస్తుల రిజిస్టర్ పేజీ. స్థలం మీ కార్యాలయానికి సంక్రమించిన పత్రం, అంటే దానపత్రం లేదా కేటాయింపు ఉత్తర్వు లేదా కొనుగోలు దస్తావేజు. టౌన్ సర్వే ల్యాండ్ రిజిస్టర్ నకలు. అమ్మకానికి అనుమతించిన తీర్మానం లేదా ఉత్తర్వు. కనీస ధర నిర్ణయించిన వాల్యుయేషన్ రిపోర్టు. వీటితో పాటు, ఈ అమ్మకం ఫైలును నోట్‌షీట్లతో సహా స్వయంగా తనిఖీ చేసేందుకు తేదీ, సమయం తెలుపగలరు.'

నోట్‌షీట్లంటే ఫైలు నడిచే క్రమంలో అధికారులు తమ వ్యాఖ్యలు రాసుకునే పేజీలు. ఎక్కడా ప్రశ్నార్థకం లేదు, గమనించారా? ఇంత పొడిగా రాయడానికి సార్‌కు మనసొప్పలేదు. లైబ్రరీ జ్ఞాపకాల్ని వేరే కాగితం మీద అభ్యంతర పత్రంగా రాయమన్నాం, దాని సంగతి కింద చెబుతాను.

ఈ జాబితాలో మొదట అందుకోవాల్సింది స్థలం సంక్రమించిన పత్రం. దాత ఇచ్చిన స్థలమైతే దానపత్రంలో 'గ్రంథాలయం కొరకు మాత్రమే' లాంటి మాట ఉందో లేదో చూడాలి. ఆ మాట ఉన్నంత మాత్రాన వేలం దానంతటదే ఆగిపోదు. కానీ లాయరు దగ్గరికి వెళ్తే ఆయన మొదట అడిగేది అదే. కార్యాలయం నుంచి 'దానపత్రం అందుబాటులో లేదు' అని వస్తే అక్కడితో వదిలేయకండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా, తీసి చూడొచ్చు. అయితే ఆన్‌లైన్‌లో కనిపించేది 1983 నుంచే. అంతకు ముందరి దస్తావేజుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత రికార్డు వెతికించాలి. ఈసీ ఖాళీగా వచ్చిందంటే దానపత్రమే లేదని కాదు, 1983 తర్వాత నమోదు కాలేదనే అర్థం.

తీర్మానం దగ్గరా ఒక మెలిక ఉంది. జీహెచ్‌ఎంసీ ఆస్తి అయితే స్టాండింగ్ కమిటీ, కౌన్సిల్ తీర్మానాలు అడగండి. పాలకవర్గం లేని కాలానిదైతే ప్రత్యేకాధికారి ఉత్తర్వు అని రాయండి. కేవలం 'కౌన్సిల్ తీర్మానం' అని అడిగితే 'అలాంటిది లేదు' అని జవాబిచ్చి ఉత్తర్వు సంగతి ఎత్తకపోవచ్చు. అందుకే 'తీర్మానం లేదా ఉత్తర్వు' అని రెండూ రాయాలి.

జవాబుకు గడువు 30 రోజులు. మధ్యలో 'ఇన్ని పేజీలు, ఇంత కట్టండి' అని ఉత్తరం వస్తే అది తిరస్కరణ అనుకుని పక్కన పడేసినవాళ్లను చూశాను. అది మంచి కబురు. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు డబ్బు కట్టే దాకా గడువు లెక్క ఆగుతుంది కాబట్టి వెంటనే కట్టేయండి. 30 రోజులు దాటాక ఇస్తే కాపీలు ఉచితంగా ఇవ్వాలి. వేలం పూర్తి కాకముందు ఇతరుల బిడ్ వివరాలు అడిగితే వాణిజ్య గోప్యత కింద నిరాకరించవచ్చు, వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి. 'ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినది, 48 గంటల్లో ఇవ్వాలి' అని రాయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. భవనం అమ్మకానికి ఆ నిబంధన వర్తించదు, దరఖాస్తు బరువు తగ్గడం తప్ప లాభం లేదు.

జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా అదే కార్యాలయంలో పై అధికారికి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ మొజంజాహీ మార్కెట్ దగ్గర సమాచార హక్కు భవన్‌లో ఉంది. 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా అక్కడ కమిషనర్లే లేరు, అప్పీళ్లు గుట్టలు పడ్డాయి. అందుకే మొదటి దరఖాస్తులోనే వాక్యాలు సరిగ్గా ఉండాలని ఇంతగా చెప్పడం.

ఒక మాట ముందే తెలిసి ఉండాలి. సమాచార దరఖాస్తు వేలాన్ని ఆపదు. నోటీసుకు, వేలం తేదీకి మధ్య ముప్పై రోజులు ఉండకపోవచ్చు కూడా. అందుకని అదే రోజు నోటీసు ఇచ్చిన అధికారికి అభ్యంతర పత్రం విడిగా ఇవ్వండి. జీహెచ్‌ఎంసీ అయితే సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. సార్ జ్ఞాపకాలకు అసలు చోటు అదే, బస్తీవాళ్ల సంతకాలు కూడా దాని కిందే. వేలం ఆగాలంటే మాత్రం కోర్టు స్టే కావాలి. 'నేను ఆపిస్తా' అని డబ్బు అడిగే ఎవరి చేతిలోనూ ఆ అధికారం లేదు.

తనిఖీకి తేదీ ఇస్తే కాపీల కోసం ఆగకుండా వెళ్లండి. మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి పావుగంటకు అయిదు రూపాయలు. ఇద్దరు వెళ్లడం మేలు, ఒకరు చదువుతుంటే ఒకరు రాసుకోవచ్చు. ఫోన్‌తో ఫొటోలు తీస్తామంటే కొన్నిచోట్ల ఒప్పుకోరు, తెల్ల కాగితాలు తీసుకెళ్లండి. ఫైల్లో పేజీలకు పై మూలన చేత్తో నంబర్లు వేసి ఉంటాయి. ఏ పేజీలో ఏముందో ఆ నంబరుతో సహా రాసుకుంటే కాపీలు అడగడం తేలిక. 14 తర్వాత నేరుగా 17 వస్తే అదీ రాసుకుని, 15, 16 పేజీల ప్రతులు కావాలని అక్కడే ఒక కాగితం రాసిచ్చి ముద్ర వేయించుకోండి.