పాత స్పోర్ట్స్ కారు పరుగు కొలవడం – 4వ పాఠం: ఏ అరవై?

పోయిన పాఠంలో నేను చెప్పింది ఇంతే. డ్యాష్‌బోర్డు మీద ఫోను బిగించండి, మీటరు ముల్లు సున్నా నుంచి వందకు చేరేదాకా వీడియో తీయండి, వచ్చిన టైమును పాత పత్రికల్లో అచ్చైన అంకె పక్కన పెట్టి చూడండి. పదిహేడు వీడియోలు వచ్చాయి. వాటిలో పద్నాలుగు బండ్లు షోరూమ్ నుంచి బయటికొచ్చిన రోజుకంటే ఇప్పుడే ఎక్కువ ఉరుకుతున్నాయట! ఇరవై ఏళ్లు దాటిన ఇంజన్లు, రెండుసార్లు పిస్టన్ రింగులు మార్చినవి, ఒకదానికైతే సైలెన్సర్‌కు తాడు కట్టి ఉంది. "అన్నా, కంపెనీవోళ్లు నా బండిని తక్కువ చేసి రాసిన్రు" అని దేవరకొండ తమ్ముడొకరు సంతోషంగా మెసేజ్ పెట్టారు. సంతోషం చెడగొట్టడం నాకిష్టం లేదు. కానీ తప్పు బండిది కాదు, తమ్ముడిది కూడా కాదు. మీటరును నమ్మమని చెప్పిన నాదే. అందుకే ఈసారి చెప్పాలనుకున్న టైర్ల పాఠం పక్కన పెట్టి దీన్ని సరిచేస్తున్నాను.

స్పీడోమీటరు మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తుంది. కావాలనే అలా చేస్తారు. యూరప్ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ మాత్రం చూపించొచ్చు, అసలు వేగంలో పదో వంతుకు ఇంకో 4 కిలోమీటర్లు కలిపినంత వరకు. అంటే ముల్లు 100 మీద ఉన్నప్పుడు బండి నిజంగా 88 దగ్గర ఉన్నా ఆ లెక్కలో మీటరు పాసైనట్టే. దేవరకొండ బండిని నిలకడగా నడిపించి, ఫోను జీపీఎస్‌తో పోల్చి చూడమన్నాను. మీటరు 100 అంటుంటే జీపీఎస్ 92 అంది. ఆయన పంపిన టైము 11.2 సెకన్లు. అంటే అది 92కు చేరిన టైము. ఆ వేగంలో ఆ బండి మిగిలిన 8 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు 1.4 సెకన్లు తీసుకుంటుంది. కలిపితే 12.6. కంపెనీని ఓడించిన బండి ఒక్క లెక్కతో వెనకబడిపోయింది.

టైర్లు మార్చినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 165/80 ఆర్13 సైజు టైరు ఉండాల్సిన చోట 175/70 ఆర్13 సైజుది వేస్తే చక్రం 3 శాతం చిన్నదవుతుంది, మీటరు ఇంకో 3 శాతం గొప్పలు చెబుతుంది. మిగతాది టైర్ల పాఠంలో.

ఫోనులో జీపీఎస్ యాప్ ఎలా పెట్టుకోవాలో చెప్పను, అది మీ ఇంట్లో పిల్లలను అడగండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. మామూలు ఫోను జీపీఎస్ సెకనుకు ఒక్కసారే వేగం చెబుతుంది. నిలకడ వేగంలో మీటరును సరిచూడటానికి అది చాలు, పరుగు టైము కొలవడానికి చాలదు.

ఇక అసలు నా తల తినేసిన సంగతి. పదిహేడు మందిలో ఆరుగురు "0-60" అని రాసి, ఆ అరవై ఏదో రాయలేదు. జడ్చర్ల నుంచి ఒకాయన నాలుగు అడుగులు ముందుకేసి, "జాగ్వార్ ఈ-టైప్ 0-60కి 6.9 సెకన్లు, నా పాత హ్యాచ్‌బ్యాక్ 6.2. ఇక ఆ జాగ్వార్‌లో ఏముంది?" అని అడిగారు. ఈ-టైప్ అంకె సరైనదే, 1961లో బ్రిటన్ పత్రిక ఆటోకార్ కొలిచింది. హ్యాచ్‌బ్యాక్ అంకె కూడా సరైనదే కావచ్చు. కానీ జాగ్వార్ అరవై మైళ్లు, మన అరవై కిలోమీటర్లు!

దీన్ని నవ్వి వదిలేయలేను, ఎందుకంటే ఇది ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. మన దేశపు పత్రికలు కూడా 0-60 అని ఒక అంకె వేసేవి, అది కిలోమీటర్లలో. బ్రిటన్, అమెరికా పత్రికల్లో 0-60 అంటే మైళ్లు, అంటే 96.5 కిలోమీటర్లు. రెండు పేజీల్లోనూ అచ్చు ఒకటే, మధ్యలో ఉన్న తేడా మాత్రం ఒక ఊరంత. తేడా ఎంతో లెక్క వేద్దాం. బండిని ఒక వేగానికి తేవడానికి కావలసిన శక్తి, వేగానికి కాదు, వేగపు వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 96.5ను 60తో భాగిస్తే 1.6. దాన్ని దానితోనే గుణిస్తే దాదాపు 2.6. అంటే జాగ్వార్ మీ బండికంటే రెండున్నర రెట్లకు పైగా పని చేసి, 0.7 సెకను మాత్రమే ఆలస్యంగా వచ్చింది. పైగా పై వేగంలో గాలి ఎదురు తోస్తుంది, అది ఇందులో కలపనే లేదు.

సరే, మైళ్లని తెలిసింది కదా, 96.5 అంటే వందే కదా అని ఇంకొందరు సర్దేస్తారు. వంద కాదు. ఆ మూడున్నర కిలోమీటర్లకు మామూలు బండి అర సెకను తీసుకుంటుంది. రెండో గేరు 98 దగ్గర అయిపోయే బండైతే 60 మైళ్లకు గేరు మార్చక్కరలేదు, వందకు మార్చాలి. అక్కడ ఇంకో అర సెకను. ఒకే బండి, ఒకే రోజు, ఒకే డ్రైవరు, ఒక అంకె 9, ఇంకోటి 10. ఇంటర్నెట్లో జనం కొట్టుకునేది చాలావరకు ఈ ఒక్క సెకను మీదే.

మా తాత నల్లగొండ రోడ్డు మీద రాయి కనబడితే మైలురాయి అనేవాడు. ఇప్పటికీ అందరం అలాగే అంటాం, దాని మీద చెక్కి ఉన్నది మాత్రం కిలోమీటర్లు. రాయి విషయంలో ఫరవాలేదు. నోట్‌బుక్కులో మాత్రం అరవై పక్కన మై అనో కిమీ అనో రాయని అంకెను నేను చదవను.

అచ్చైన అంకెల్లో ఉన్న మిగతా మాయలు గబగబా చెబుతాను. ఆటోకార్ చేతికి ఇచ్చిన ఆ ఈ-టైప్ గంటకు 150 మైళ్లు దాటింది. ప్రెస్ కోసం జాగ్రత్తగా సిద్ధం చేసిన బండి అది, మామూలు కొనుగోలుదారుల బండ్లకు ఆ వేగం అందలేదు. అమెరికా పత్రికలు డ్రాగ్ రేసు (నేరు దారిలో నిలబడ్డచోటు నుంచి ఉరికే పోటీ) అలవాటులో మొదటి అడుగు దూరం లెక్కలోకి తీసుకోవు. బండి అడుగు ముందుకు కదిలాకే గడియారం మొదలు. అడుగే కదా అనుకోకండి. గట్టిగా కదిలే బండికి కూడా ఆ 30 సెంటీమీటర్లకు 0.3, 0.4 సెకను పడుతుంది, అప్పటికే 5 కిలోమీటర్ల వేగం వచ్చేస్తుంది. హార్స్‌పవర్ సంగతి ఇంకా తమాషా. 1971 వరకు అమెరికా కంపెనీలు ఇంజన్ను బల్ల మీద పెట్టి, ఫ్యాను, ఆల్టర్నేటరు, సైలెన్సరు భారం లేకుండా కొలిచిన గ్రాస్ అంకె చెప్పేవి. 1972లో ఆ భారాలన్నీ తగిలించి కొలిచే నెట్ అంకెకు మారాక, అమెరికా స్పోర్ట్స్ కారు కార్వెట్‌లోని మామూలు 350 ఘనపు అంగుళాల ఇంజను 270 హార్స్‌పవర్ నుంచి 200కు పడిపోయింది. ఇంజన్లో చేసిన మార్పు మాత్రం దాదాపు ఏమీ లేదు.

అన్ని పాత స్పోర్ట్స్ కార్లూ ఉరికేవి కావని కూడా చెప్పాలి. 1962 నాటి బ్రిటన్ కారు ఎంజీబీకి 60 మైళ్లు చేరడానికి 12 సెకన్ల చుట్టూ పట్టేది. చూడటానికి అందం, నడపడానికి ఆనందం. స్టాప్‌వాచ్ ముందు నిలబెడితే పాపం.

ఇప్పుడు మన ఊరి సంగతి. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తుకే గాలి 5, 6 శాతం పలచబడుతుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో, 15 డిగ్రీల చలితో పోలిస్తే ఇంకో 8, 9 శాతం. టర్బో (గాలిని బలవంతంగా లోపలికి తోసే పరికరం) లేని పాత ఇంజను పీల్చే గాలి దాదాపు ఏడో వంతు తగ్గిందంటే, బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. ఇంగ్లండు చలిలో వచ్చిన అంకెను మిట్టమధ్యాహ్నం పాలమూరు ఎండలో వెతికితే దొరకదు. తెల్లవారుజామున ఐదున్నరకు రండి. నేను ఎప్పుడూ అప్పుడే వెళ్తాను, దారిలో మొదటి చాయ్ కూడా దొరుకుతుంది.

మిర్యాలగూడ బండి ఒక్కటి మాత్రం నిజంగానే నెమ్మది. వీడియోలో అచ్చైన అంకెకంటే మూడు సెకన్లు ఎక్కువ. యజమాని కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపే భాగం) విప్పడానికి సిద్ధమయ్యారు, ఆగమన్నాను. ఆదివారం నా దగ్గరికి తెచ్చారు. ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి, ఆయన్ను సీట్లో కూర్చోబెట్టి ఎక్సిలేటరు పూర్తిగా తొక్కమన్నాను. నేను టార్చి వేసి కార్బురేటర్ గొంతులోకి చూశాను. గాలి దారికి తలుపులా ఉండే రేకు పూర్తిగా తెరుచుకుంటే నిలువుగా, అంచు మాత్రమే గీతలా కనబడాలి. ఇక్కడ రేకు వాలుగా, దారిని సగం మూసినట్టుంది. "తొక్కుతున్నరా?" "పూర్తిగా తొక్కిన అన్నా." కిందకు వంగి చూస్తే పెడల్ కింద కొబ్బరి పీచు చాప, దాని మీద రబ్బరు చాప, దాని అంచు మడతపడి పెడల్‌కు అడ్డం పడింది. రెండూ లాగి బయట పడేశాం. మళ్లీ తొక్కితే రేకు ఇంకాస్త లేచింది, పూర్తిగా మాత్రం లేవలేదు. పెడల్ నుంచి రేకుకు వెళ్లే కేబుల్ సాగింది. నట్టు రెండు చుట్లు తిప్పాక గీతలా నిలబడింది. ఖర్చు సున్నా. మూడు సెకన్లలో రెండు అక్కడే దొరికాయి. పెడల్ వదిలితే రేకు తిరిగి పూర్తిగా మూసుకుంటుందో లేదో కూడా చూడండి, లేకపోతే బండి ఆగదు.

ఇక ఈ పాఠం పని. సున్నా నుంచి వంద వద్దు. అది క్లచ్‌ను తినే పరీక్ష, డ్రైవరు చెయ్యిని కొలుస్తుంది కానీ ఇంజన్ను కాదు. నాకు నచ్చింది మూడో గేరులో 48 నుంచి 80 కిలోమీటర్లు. ఈ వింత అంకె ఎందుకంటే అది 30 నుంచి 50 మైళ్లు. పాత బ్రిటన్ పరీక్షల్లో ప్రతి గేరుకూ ఆ వరస అచ్చై ఉండేది. ఇంకో లాభం కూడా ఉంది. కేబుల్‌తో తిరిగే పాత మీటరు ముల్లు బండి వెనక కాస్త ఆలస్యంగా నడుస్తుంది. నిలబడ్డచోటు నుంచి మొదలుపెడితే ఆ ఆలస్యం టైములో కలిసిపోతుంది. ఇలా ఉరుకుతూ కొలిస్తే 48 దగ్గరా ఆలస్యమే, 80 దగ్గరా దాదాపు అంతే ఆలస్యం. తీసివేస్తే పోతుంది.

రోడ్డు మీద మాత్రం వద్దు. పబ్లిక్ రోడ్డుపై వేగ పరీక్షలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. హైవే డివైడర్ దాటి బర్రె వచ్చిందంటే సెక్షన్లు గుర్తుకు రావు కూడా. ప్లాట్లు అమ్ముడుపోని వెంచర్లు మన వైపు కావలసినన్ని ఉన్నాయి. యజమానిని అడిగి, గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి, 500 మీటర్ల నేరు తారు రోడ్డు చూసుకోండి. హద్దురాళ్లకు దూరంగా.

మొదట జీపీఎస్ నిలకడగా 48 చూపించేటప్పుడు ముల్లు ఎక్కడుందో చూసి, మీటరు అద్దం మీద ఆ చోట ఒక బొట్టుబిళ్ల అంటించండి. 80కి ఇంకోటి. చిన్న నల్లవి బాగుంటాయి, మా ఆవిడ పెట్టెలోంచి తీసుకున్నందుకు నాకు అక్షింతలు పడ్డాయి. ఫోను కదలకూడదు, బిళ్ల అంటించినప్పుడు ఎక్కడుందో కొలిచేటప్పుడూ అక్కడే ఉండాలి. పక్కకు జరిగితే ముల్లు కూడా జరిగినట్టు కనబడుతుంది. వీడియోను ఒక్కో ఫ్రేము జరుపుతూ రెండు బిళ్లల మధ్య ఫ్రేములు లెక్కపెట్టి 30తో భాగించండి (వీడియో సెకనుకు 30 ఫ్రేములదైతే).

అటు ఐదు సార్లు, ఇటు ఐదు సార్లు. 100 మీటర్లకు ఒక్క మీటరు వాలున్నా టైములో 6 శాతం తేడా తెస్తుంది, కంటికి మాత్రం చదునుగానే కనబడుతుంది. తర్వాత 70 కిలోల బియ్యం బస్తాను పక్క సీట్లో పెట్టి, బెల్టు వేసి, ఇంకో పది. ఒకటే రోజు ఇరవై పరుగులు. ప్రతి నాలుగు పరుగులకు పది నిమిషాలు బండి చల్లారనివ్వండి. ఉష్ణోగ్రత, పెట్రోలు ఎంత ఉంది, బండిలో ఎవరున్నారు, అన్నీ రాయాలి. బస్తాతో టైము పెరగకపోతే మీ కొలతలో ఎక్కడో తప్పుంది, నాకు పంపకుండా మళ్లీ మొదలుపెట్టండి.